కొండ మీద ఇల్లు కడితే లోయంతా చూస్తుంది, అందుకే అడుగుతారు

శాన్‌హోసే తూర్పు కొండల మీద అక్కడక్కడ పొడుగాటి కర్రలు నిలబెట్టి, వాటి చివర్లకి నారింజ రంగు వల కట్టి ఉంటుంది. 680 హైవే మీద పోయేటప్పుడు చాలామంది చూసే ఉంటారు, ఏదో ఆవుల కంచె అనుకుని వదిలేసి ఉంటారు. కంచె కాదండీ అది, రాబోయే ఇంటి ఆకారం. స్టోరీ పోల్స్ అంటారు. ఇంటి మూల ఎక్కడొస్తుందో అక్కడ కర్ర, కప్పు ఎంత ఎత్తుకి లేస్తుందో అంత ఎత్తులో వల. ఒక్క మేకు కూడా దిగకముందే ఈ ఇల్లు వస్తే కొండ ఎలా ఉంటుందో కింద ఉన్నవాళ్ళు చూసి చెప్పాలని అలా కట్టిస్తారు. ప్లాన్ కాగితం చూసి ఎత్తు ఊహించుకోగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారు, వల చూస్తే మాత్రం చిన్నపిల్లలకి కూడా అర్థమైపోతుంది.

మా పెద్దమ్మ కొడుకు ఆ కొండల్లోనే ఇల్లు కట్టుకుంటున్నాడు. ఒక ఇల్లు, పక్కన గ్యారేజీ కలిపిన బార్న్, కొంచెం కిందగా పెద్దమ్మా పెదనాన్నలకి చిన్న ఇల్లు, నీళ్ళ ట్యాంకు. అన్నయ్యకీ వదినకీ తీరిక లేని ఉద్యోగాలు కాబట్టి కాగితాల పని చాలావరకు నేనే చూశాను, కౌంటీ వాళ్ళు అందరి మాటా వినే హియరింగ్‌కి కూడా వెళ్ళాను. మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈ డిజైన్ రివ్యూ (కట్టబోయే ఇల్లు బయటికి ఎలా కనపడుతుందో ముందే చూసి అనుమతి ఇవ్వడం) మాట వస్తే చాలు అందరూ ఒకటే పాట, మన డబ్బు పెట్టి మన స్థలంలో కట్టుకుంటుంటే ఏ రంగు వెయ్యాలో వీళ్ళెవరు చెప్పడానికి అని. నాకు ఆ మాట నచ్చదు. కొండని కొనుక్కున్నంత మాత్రాన కొండ కనపడే చూపుని కొనుక్కున్నట్టు కాదు, అది కింద లోయలో అపార్ట్‌మెంట్ కిటికీలోంచి చూసేవాడిది కూడా. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనిపించి ఇదంతా రాస్తున్నా.

ముందు ఎవరికి వర్తిస్తుందో చెప్తాను, ఎందుకంటే కొనేటప్పుడు ఏజెంట్లు ఇది సరిగ్గా చెప్పరు. అడ్రస్‌లో శాన్‌హోసే అని ఉన్నా కొండ మీద చాలా స్థలాలు సిటీలోకి రావు, శాంటాక్లారా కౌంటీ కిందకి వస్తాయి. కౌంటీ వాళ్ళకి హిల్‌సైడ్ అని ఒక జోన్ ఉంది, అందులో కొత్తగా భూమిని ముక్కలు చెయ్యాలంటే వాలుని బట్టి ఒక్కో ముక్కా 20 నుంచి 160 ఎకరాలు ఉండాలి, పైన ఇళ్ళు అంత దూరం దూరంగా కనపడేది అందుకే. ఆ జోన్ మీద ఇంకో పొర వేస్తారు, డీ1 అని, అంటే లోయలో నిలబడి చూస్తే కనపడే వాలులు. మిల్‌పీటస్ పైన కొండలకి విడిగా డీ2 ఉంది. డీ1లో ఉంటే గోడ ఒకే తీరుగా 80 అడుగులు దాటి సాగకూడదు, నిలువునా ఒకే గోడ 24 అడుగులు దాటకూడదు, మధ్యలో విరవాలి. ఇల్లు 5,000 చదరపు అడుగులు దాటితే హియరింగ్ ఉంటుంది, 12,500 దాటితే ఏకంగా ప్లానింగ్ కమిషన్ ముందుకి వెళ్ళాలి. ఇక రంగు. బయట వేసే రంగు ఎల్‌ఆర్‌వీ 45 మించకూడదు.

ఈ ఎల్‌ఆర్‌వీ సంగతి మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. అంటే ఏం లేదు, ఆ రంగు మీద పడ్డ వెలుతురులో ఎంత భాగం వెనక్కి కొడుతుందో చెప్పే అంకె, పూర్తి నలుపు 0, పూర్తి తెలుపు 100. పెయింట్ షాపులో ఇచ్చే చిన్న కార్డు ముక్కల వెనకాల రంగు పేరు కింద సన్నటి అక్షరాల్లో వేసి ఉంటుంది, మనం ఎప్పుడూ తిప్పి చూడం. పెద్దమ్మకి ఇల్లంటే మీగడ రంగే, ఒంగోల్లో వాళ్ళ ఇంటికి కూడా ఎప్పుడూ అదే. ఆవిడ ఇష్టపడి ఏరిన కార్డులు తిప్పి చూస్తే అన్నీ 80 పైనే. పాపం మొహం చిన్నబుచ్చుకుంది. లోపల అంతా నీ ఇష్టం పెద్దమ్మా, బయటికి మాత్రమే ఈ లెక్క అని చెప్పి 45 లోపు వచ్చే కార్డులు ఒక దొంతర, ఆవిడ ఏరినవీ తీసుకుని సైటుకి వెళ్ళాం. జులైలో గడ్డి అంతా ఎండిపోయి ఉంది, కార్డుల్ని గడ్డిలో పెట్టి కొంచెం దూరం జరిగి చూడమన్నాను. తెల్లగా ఉన్నవి రోడ్డు దాకా వెళ్ళినా కనపడుతూనే ఉన్నాయి. మట్టి రంగువి, ఆ సపోటా కాయ తొక్క లాంటి గోధుమ రంగువి, పది అడుగులు వెనక్కి వెయ్యగానే ఎక్కడ పెట్టామో వెతుక్కోవాల్సి వచ్చింది. పెద్దమ్మ వంగి ఒకటి తీసి, ఇదే బాగుందే, దీన్నే వెయ్యమను అంది. ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. ఎండాకాలంలో ఆ కొండలకుండే బంగారు రంగు ముందు మన రంగు గోల పెట్టకూడదని కళ్ళతో చూస్తే తెలిసిపోతుంది, రూల్ బుక్కులో చదివితే మాత్రం కోపం వస్తుంది.

అసలు కథ అయితే మట్టిపనిలో ఉంది, వాస్తుతో కలిసి.

మన వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి కదా. శాన్‌హోసే తూర్పు కొండలు పడమటికి వాలి ఉంటాయి, అంటే తూర్పు ఎత్తు, పడమర పల్లం. సరిగ్గా ఉల్టా. (లోయకి అటు పక్క శారటోగా, లాస్‌గాటోస్ కొండలు ఈశాన్యం వైపు దిగుతాయి, వాస్తు చూసుకునేవాళ్ళు ఎందుకు అటు మొగ్గుతారో స్థలాలు తిరిగితే అర్థమవుతుంది, ధర మాత్రం అందదు.) వీడియో కాల్‌లో ఒక వాస్తు ఆయన ప్లాన్ చూసి, ఏం లేదు ఈశాన్యంలో తవ్వి ఆ మట్టి తెచ్చి నైరుతిలో పోసి ఎత్తు చేసెయ్యండి అన్నారు. ఆయన చెప్పేది విజయవాడలో 300 గజాల ప్లాటుకి పనికొస్తుంది. ఇక్కడ వాలు 25 శాతం. 50 అడుగుల లోతున్న ఇంటిని ఒకే మట్టంలో పెట్టాలన్నా ఈ అంచుకీ ఆ అంచుకీ పన్నెండున్నర అడుగుల తేడా, అది సమం చెయ్యడానికే పైన కొండని కొయ్యాలి, కింద మట్టి పొయ్యాలి, పోసిన మట్టి జారకుండా రిటైనింగ్ వాల్ కట్టాలి, ఆ గోడ లోయంతటికీ కనపడుతుంది. దాన్ని ఇంకా తలకిందులు చేసి నైరుతి ఎత్తు చెయ్యడం అంటే కొండనే మార్చడం.

పైగా ఆ కొండలు మామూలు కొండలు కావు. హేవర్డ్ ఫాల్ట్, కాలవెరాస్ ఫాల్ట్ అని భూకంపాలొచ్చే నేల పగుళ్ళు రెండూ అటే పోతాయి. ఆలం రాక్ వైపు కొండ జారుడు పాత సంగతే, ఇంకా కదులుతున్న చోట్లు ఉన్నాయి. నేల చాలాచోట్ల బంకమన్ను, ఎండాకాలంలో మన నల్లరేగడి లాగే నెర్రెలిస్తుంది, చలికాలం వానలకి ఉబ్బుతుంది. ఫాల్ట్ జోన్‌లో కట్టేముందు జియాలజిస్ట్ రిపోర్టు కావాలని కాలిఫోర్నియాలో 1972 నుంచి చట్టం ఉంది. మా రిపోర్టులో జియాలజిస్ట్ పైన సమంగా కనపడే బెంచి లాంటి చోటు చూపించి ఇక్కడ కట్టొద్దు అన్నారు, అది ఎప్పుడో జారి ఆగిన మట్టి, అందుకే సమంగా ఉంది. అన్నయ్య ఆ స్థలం కొన్నదే ఆ సమం ముక్క చూసి. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడే మొత్తం డిజైన్ మారింది. మొదటి డిజైన్‌లో పడమర వైపు రెండంతస్తుల తెల్ల గోడ, దాని నిండా అద్దాలు, ముందు పెద్ద సమం చేసిన లాన్ ఉండేవి. రివ్యూ చేసిన ప్లానర్ ఒక మాట రాశారు, ఇంటికి తగ్గట్టు కొండని మార్చకుండా కొండకి తగ్గట్టు ఇంటిని మెట్లు మెట్లుగా దించి చూడండి అని. కొత్త ఆర్కిటెక్ట్ (మొదటి ఆయన ఇలాంటి స్థలాలు చెయ్యలేదు, ఆ సంగతి ముందే చెప్పి ఉంటే బోలెడు డబ్బు మిగిలేది) ఇంటిని మూడు మట్టాలు చేశాడు. పైన తూర్పు వైపు రోడ్డు వస్తుంది కాబట్టి గుమ్మం అటే, వంటగది ఆగ్నేయంలో, పూజగది ఈశాన్యంలో, అక్కణ్ణుంచి నాలుగు మెట్లు దిగితే హాలు, ఇంకో నాలుగు దిగితే నైరుతిలో పడకగది. తూర్పు గుమ్మం దానంతటదే వచ్చేసింది, ఎవరినీ బతిమాలాల్సిన పని లేకుండా. ఫైర్ వాళ్ళు అడిగిన నీళ్ళ ట్యాంకుని ఎత్తు మీద, ఈశాన్యం మూల, కొండలోకి సగం దింపి కాంక్రీటుతో కడుతున్నారు, కనపడకూడదని రివ్యూ వాళ్ళు అడిగిందీ అదే, ఈశాన్యంలో నేలలో నీళ్ళుండాలని మనవాళ్ళు అడిగేదీ అదే. పెదనాన్న ఆ డ్రాయింగ్ చూసి, కొండని తిప్పలేం కానీ ఇంటిని దించుకోగలిగాంరా, ఇది చాలు అన్నారు. నైరుతి పల్లం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఇంత మార్చాక తవ్వే మట్టి మొదటి ప్లాన్‌లో సగం కూడా లేదు, ఎత్తు గోడలు పోయాయి, ఖర్చు కూడా తగ్గింది. ఈ సంగతి గ్రూపుల్లో ఎవరూ చెప్పరు.

అన్నీ ఇంత సాఫీగా కుదిరాయని చెప్పను. చెట్ల దగ్గర నిజంగా చిక్కు ఉంది. డిజైన్ రివ్యూ వాళ్ళకి ఇల్లు కనపడకుండా ముందు ఓక్ చెట్లు కావాలి, ఉన్నవి కొట్టకూడదు, కొత్తవి పెట్టాలి. ఫైర్ వాళ్ళకి ఇంటి చుట్టూ 100 అడుగుల వరకు ఎండుగడ్డీ పొదలూ ఏపుగా పెరగకుండా, కొమ్మలు ఒకదానికొకటి తగలకుండా, కప్పు మీదకి వాలకుండా ఉండాలి. ఇద్దరిదీ న్యాయమే. 2020 ఆగస్టులో పిడుగులు పడి ఈ డయాబ్లో కొండల్లోనే దాదాపు 3,96,000 ఎకరాలు కాలింది, ఎస్‌సీయూ ఫైర్ అంటారు, మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీ దాకా వచ్చేసింది, టెలిస్కోపుల డోములు ఎలాగో దక్కాయి. ఆ వారం బూడిద మా కార్ల మీద పడింది. కాబట్టి ఫైర్ వాళ్ళు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తగ్గించమని అడగబుద్ధి కాలేదు. చివరికి చేసిందేంటంటే, ఉన్న ఓక్ చెట్లకి కింది కొమ్మలు ఎత్తుకి కత్తిరించి మధ్య మధ్య ఖాళీ ఉండేలా చూసుకోవడం, కొత్త చెట్లని ఇంటి దగ్గర కాకుండా వాలులో బాగా కిందికి గుంపులు గుంపులుగా పెట్టడం. కింద నుంచి చూసేవాడికి చెట్టు ఇంటికి దగ్గరగా ఉండక్కర్లేదు, చూపుకి అడ్డంగా ఉంటే చాలు. ఈ ఆలోచన చెప్పింది ఫైర్ ఇన్‌స్పెక్టరే, రివ్యూ వాళ్ళు కాదు. రెండు ఆఫీసులనీ ఒకే రోజు సైటుకి పిలిస్తే నెలల తరబడి ఈమెయిళ్ళు తప్పుతాయి, ఎవరైనా కట్టబోతుంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

దారి కూడా అంతే. ఫైరింజను ఎక్కాలంటే వాలు 16 శాతం దాటకూడదు, పొడుగాటి డ్రైవ్‌వేకి పైన బండి తిప్పుకునే చోటు ఉండాలి. దారి మెత్తగా ఎక్కాలంటే పొడుగు పెరుగుతుంది, పొడుగు పెరిగితే కొండ మీద గాటు పెరుగుతుంది. మా దారిని నేరుగా కాకుండా వాలు వెంబడి వంకరగా తీసుకెళ్ళారు, కింద నుంచి చూస్తే ఓక్ చెట్ల వెనక్కి పోతుంది.

హియరింగ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఇది కోర్టు అనుకుని భయపడతారు లేదా లాయర్‌ని తీసుకెళ్ళాలా అని అడుగుతారు. చుట్టుపక్కల వాళ్ళకి ముందే పోస్టులో నోటీసు వెళ్తుంది, ఆ రోజు ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. స్టాఫ్ రిపోర్టు చదువుతారు, మనం చెప్పుకోవాలి, తర్వాత మిగతావాళ్ళు. మాకు దిగువ పక్కన ఆవులు మేపుకునే ఒక పెద్దాయన వచ్చారు, ఇంటి గురించి ఏం అనలేదు, మీ దారి కింద కల్వర్టు నీళ్ళు నా గడ్డి మీద పడి కోత పెడతాయి, దానికేం చేస్తారు అని అడిగారు. మనం ఊళ్ళో గట్టు తగాదాల్లో వినే ప్రశ్నే. ఇంకొకావిడ, లోయలో ఉంటారు, ప్రతి సాయంత్రం నడకకి వెళ్తారట, ఆవిడ అడిగింది అద్దాల గురించి. సాయంత్రం పూట శాంటాక్రజ్ కొండల మీదకి పొద్దు దిగుతుంటే తూర్పు కొండ మీద పడమటి కిటికీలు ఒక్కొక్కటే భగ్గుమని మెరుస్తాయి, మీరు కూడా చూసే ఉంటారు, మైళ్ళ దూరం కనపడుతుంది. గోడ రంగుకి 45 అని లెక్క పెట్టుకున్నాం, అద్దానికి ఆ లెక్క లేదు. ఆవిడ చెప్పేదాకా మా ఆర్కిటెక్ట్ కూడా ఆ సంగతి అంత పట్టించుకోలేదు. తర్వాత పడమటి కప్పు అంచు ఇంకా ముందుకి జరిపి, పెద్ద అద్దాన్ని గోడలోకి వెనక్కి తీసుకెళ్ళారు. దాంతో ఎండాకాలం సాయంత్రం హాల్లో వేడి కూడా తగ్గుతుంది. ఆవిడ మాకు ఉపకారం చేసినట్టే.

రాత్రి లైట్లు కూడా కండిషన్లలో ఉన్నాయి. బయటి లైట్లన్నీ కిందికి వంగి, బల్బు దూరానికి కనపడకుండా ఉండాలి, చెట్ల మీదకి ఫ్లడ్ లైట్లు కుదరదు. వదినకి డ్రైవ్‌వే పొడుగునా లైట్లు పెట్టాలని ఉండేది, పిల్లలు రాత్రిపూట వస్తారని భయం. ఆ కొండల మీదే లిక్ అబ్జర్వేటరీ ఉంది, 1888 నుంచి. గురుగ్రహానికి అయిదో చందమామ అమాల్తియాని 1892లో బర్నార్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడే, ఫోటో తియ్యకుండా టెలిస్కోపులో కంటితో చూసి కనిపెట్టాడు. ఆ చీకటి కాపాడ్డానికి శాన్‌హోసే సిటీ ఏళ్ళ తరబడి వీధుల్లో పసుప్పచ్చ సోడియం లైట్లే వాడింది, పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇది చెప్పాక వదిన మనిషి నడిస్తే వెలిగే చిన్న లైట్లకి ఒప్పుకుంది.

నాకు నచ్చని సంగతులూ ఉన్నాయి, రాయకపోతే అబద్ధం అవుతుంది. ఫీజులు, రిపోర్టులు, సర్వేలు కలిపితే డబ్బున్నవాళ్ళే ఇది దాటగలరు. పాతకాలం నుంచి అక్కడే ఉంటున్న రైతు కుటుంబం కొడుక్కి చిన్న ఇల్లు కట్టాలన్నా దాదాపు అదే దారి, పెద్ద బంగళాకీ చిన్న ఇంటికీ భారం ఒకేలా ఉండటం న్యాయం కాదు. 80 అడుగులు, 24 అడుగులు, 45 లాంటి అంకెలు నాకు ఇష్టం, ఎవరు కొలిచినా ఒకటే. పరిసరాలకి తగ్గట్టు ఉండాలి అనే మాట మాత్రం చూసేవాడి ఇష్టాన్ని బట్టి సాగుతుంది, అలాంటిచోట ఎవరి ఇల్లు అలవాటైన తీరులో ఉంటే వాళ్ళది తేలిగ్గా పోతుంది, మన ఇంటి ముందు తులసికోట, గుమ్మం మీద చిన్న గోపురం లాంటివి ఎందుకో రాసి వివరించాల్సి వస్తుంది. మేం వివరించాం, ఒప్పుకున్నారు. అయినా వివరించాల్సి రావడం బాధే. దీనికి మందు రివ్యూ ఎత్తెయ్యడం కాదు, హియరింగులకి మనవాళ్ళు కూడా వెళ్ళి కూర్చోవడం, పక్కింటివాళ్ళ ప్లాన్ నోటీసు వచ్చినప్పుడు చెత్తబుట్టలో వెయ్యకుండా చదవడం.

హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకి ఇది వేరేగా తగులుతుంది. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ పేర్లలోనే కొండలున్నాయి, ఆ రాళ్ళు కోట్లాది ఏళ్ళ నాటివి, నా చిన్నప్పుడు మేనమామ వాళ్ళింటికి వెళ్తుంటే దారిపొడుగునా పేలుళ్ళు వినపడేవి. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచి పోరాడుతూనే ఉన్నారు, కొన్ని రాళ్ళని హెరిటేజ్ లిస్టులో పెట్టించగలిగారు, మిగతావి కంకరైపోయాయి. ఇప్పుడు వికారాబాద్ అనంతగిరి వైపు ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు, ఇక్కడివాళ్ళు కూడా కొంటున్నారు, బ్రోచర్‌లో అంతా కొండ వ్యూ అనే ఉంటుంది. వ్యూ ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటు కూడా ఉంటుంది. అక్కడ అడిగేవాళ్ళు లేరు కాబట్టి కొనేవాళ్ళమే అడగాలి, దారి ఎక్కడ కోస్తున్నారు, మట్టి ఎక్కడ పోస్తున్నారు, వాన నీళ్ళు ఎవరి చేలోకి పోతాయి అని.

అన్నయ్య ఇంటికి డిజైన్ అప్రూవల్ వచ్చింది, కండిషన్ల కాగితం పెద్దదే. ఇప్పుడు మట్టిపనికి కావాల్సిన గ్రేడింగ్ పర్మిట్ నడుస్తోంది, అక్టోబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వానలు కాబట్టి మట్టిపనికి కట్టడి ఉంటుంది. అందుకని ముందుగా ఆ ఆవుల పెద్దాయన అడిగిన కల్వర్టే వేయిస్తున్నాడు, నీళ్ళు విసురుగా పడకుండా కింద రాళ్ళు పరిచి. కొలతలు తీసేటప్పుడు ఆయన్నే పిలిచి, ఏ గీత దాటితే మీ గడ్డికి ఇబ్బందో చూపించమన్నాడు, ఆయన చూపించిన చోట సర్వేయర్ మేకు కొట్టాడు.